బాబాయి కుర్చీ

ఇంట్లో అందరూ ఆమెను పిట్ట అనేవారు. ఇంజనీరింగ్ మూడో ఏడాదికొచ్చినా ఆ ముద్దుపేరు వదల్లేదు. తండ్రి లేని పిల్ల. తల్లితో పై అంతస్తులో ఉండేది. కింద బాబాయి, పిన్ని. వాళ్ళకు పిల్లలు లేకపోవడంతో పిట్టకు తిండి కింద, నిద్ర పైన అన్నట్టు సాగిపోయింది.

ఆ ఏడు యూనివర్సిటీలో కో-ఆప్ మొదలుపెట్టారు. ఇష్టమున్నవాళ్ళు చదువు మధ్యలో ఆపి ఎనిమిది నెలలు ఏదో ఒక కంపెనీలో పనిచెయ్యవచ్చు. పట్టా ఆలస్యమవుతుంది, పని చేతికొస్తుంది. పిట్ట ఎటూ తేల్చుకోలేకపోయింది. తోటివాళ్ళు తనను దాటి వెళ్ళిపోతారన్న దిగులు ఒకవైపు, పుస్తకాలు బట్టీపట్టి బయటికొస్తే ఎవరు పిలుస్తారన్న భయం మరోవైపు.

"దీనికింత బుర్ర బద్దలు కొట్టుకోవాలా?" అన్నాడు బాబాయి. "మా మేనేజర్‌తో నేను మాట్లాడతా. మా సెక్షన్‌లోకే వచ్చెయ్. నా పక్కన కూర్చుని నేర్చుకుందువుగాని."

బాబాయిది వాషింగ్ మెషిన్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ పని. కొత్త మోడళ్ళను చెడిపోయేదాకా తిప్పి, ఎక్కడ చెడిందో పైవాళ్ళకు చెప్పాలి. "పొద్దస్తమానం ఉతుకుతాను, ఒక్క చొక్కా తెల్లబడదు" అని నవ్వేవాడు. అన్నట్టే మేనేజర్ చెవిన వేశాడు. మేనేజర్ చాలా శ్రద్ధగా విన్నాడు. యూనివర్సిటీ ఫోన్ నంబరు కూడా బాబాయినే అడిగి తీసుకున్నాడు.

నెల తిరక్కుండా బాబాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ వారంలోనే పిట్టకు పిలుపొచ్చింది.

వెళ్ళి చూసింది. తడి సిమెంటు నేల, రబ్బరు వాసన, బారులు తీరి ఊగిపోతున్న మెషిన్లు. మూలన కుర్చీ. దాని వీపుకి బాబాయి కట్టుకున్న పాత తువ్వాలు ఇంకా అలాగే ఉంది.

"ఇది మా బాబాయి కుర్చీ" అంది.

"కంపెనీది" అన్నాడు మేనేజర్, విసుగేమీ లేకుండానే. "చూడమ్మా, నువ్వు రానంటే ఇంకొకరొస్తారు. ఆయన మాత్రం రాడు. సోమవారంలోగా ఏదో ఒక మాట చెప్పు."

సోమవారం దాకా ఆగితే కాదనేస్తానేమోనని పిట్టకు భయం వేసింది. నిలబడ్డచోటే "వస్తానండి" అనేసింది.

ఆ సాయంత్రం బాబాయి అన్నానికి కూర్చోగానే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నన్ను రమ్మంటున్నారు బాబాయ్. నీ ప్లేస్‌లోకి. ఏం చెయ్యమంటావు? నువ్వు వద్దంటే మానేస్తా."

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "అడగడానికి నీకు నోరెలా వచ్చిందే?"

"నువ్వూరుకో" అన్నాడు బాబాయి. సగం అన్నంలో చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండ్రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. వీధి చివరిదాకా నడిచి వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మేడ మీదికి వచ్చాడు.

"వెళ్ళు పిట్టా" అన్నాడు. "కడుపు మండింది, అబద్ధమెందుకు? కానీ ముక్కూ మొహం తెలియనివాడెవడో కూర్చునేకంటే నువ్వు కూర్చుంటేనే నయం. మనస్ఫూర్తిగా చెప్తున్నా."

తల్లి కళ్ళొత్తుకుంది. వెనకాలే వచ్చిన పిన్ని పిట్టను దగ్గరకు తీసుకుంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పిట్ట చెప్పలేదు. పిన్ని భుజంలో మొహం దాచుకుంది.

మర్నాడు మేనేజర్ బాబాయికి ఫోన్ చేశాడు. "లాకర్ తాళంచెవి మీ దగ్గరే ఉండిపోయింది. మీ అమ్మాయి గురువారమే ఒప్పేసుకుంది కదా, ఆమెకిచ్చి పంపండి."

"గురువారమా?" అన్నాడు బాబాయి. "అలాగే సార్."

తాళంచెవి తీసుకుని ఆయనే పైకి వచ్చాడు. "లాకర్ తలుపు కాస్త పైకెత్తి తిప్పు. లేకపోతే రాదు."

"బాబాయ్, నేను..."

"నిన్ను వద్దనేవాణ్ణి కాదే. ఒప్పేసుకున్నానని అప్పుడే చెప్పుంటే నాలుగు తిట్టేవాణ్ణి, తర్వాత సర్దుకునేవాణ్ణి. అయిపోయాక నన్నెందుకు అడిగావు? ఆ రెండ్రోజులూ ఏదో నా చేతిలో ఉందనుకున్నాను."

పిట్ట చెయ్యి చాపింది. ఆయన తాళంచెవి చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

ఎనిమిది నెలలూ ఆమె ఒళ్ళొంచి పనిచేసింది. మెషిన్ ఏ చప్పుడు చేస్తే ఏది అరిగిందో చెప్పగలిగేదాకా వచ్చింది. ఇంట్లో మాత్రం ఆ పని గురించి అడిగేవాళ్ళు లేరు. బాబాయి ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషిన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. మాటలు మానెయ్యలేదు, మర్యాదగానే ఉండేవాడు. పిట్ట అనడం మానేశాడు, అంతే. "అమ్మాయికి కూర వెయ్యి" అని పిన్నితో చెప్పేవాడు. కొన్నాళ్ళకు పిట్ట తిండి కూడా పైనే.

ఆఖరి రోజు మేనేజర్ ఆమెను తెగ మెచ్చుకున్నాడు. చదువయ్యాక ఉద్యోగమిస్తారా అని అడిగితే మాత్రం ఆశ్చర్యపోయాడు.

"ఆ పనికి ఉద్యోగమంటూ ఇంకేముందమ్మా? తక్కువ జీతానికి విడతకో స్టూడెంట్ వస్తూనే ఉంటారు కదా."

ఇంటికి వచ్చేసరికి బాబాయి చెడిపోయిన మోటారొకటి రెండు చేతులా పట్టుకుని మెట్ల దగ్గర ఎదురయ్యాడు. మేనేజర్ అన్న మాట ఆయనకు చెప్పాలని, ఆయన చేత తిట్టించుకోవాలని పిట్టకు ఎంతగానో అనిపించింది.

"బాబాయ్" అంది.

"కాస్త పక్కకు జరుగమ్మా" అన్నాడాయన. "బరువుగా ఉంది."