ప్రార్థన కింది స్వరం

"ఒక్క వేలు పెట్టి ఊకుండేటిదానికి గూడ ప్రాక్టీసేంది లిదియా? ముందుగాల బియ్యం పొయ్యి మీద పెట్టు" అన్నాడు భర్త సాల్మన్, సాక్సులు వెతుక్కుంటూ. అవి అతని కళ్ల ముందే ఉన్నాయి. లిదియా కీబోర్డు ముందు నుంచి లేచి సాక్సులు అందించి, బియ్యం కడగడానికి వెళ్లింది.

ఆమె మామ కాశిబుగ్గలో ఓ చిన్న చర్చికి పాస్టరు. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ మాటల కింద కీబోర్డు మెల్లగా మోగుతూనే ఉండాలి. పైకి వినపడకూడదు, ఆగకూడదు. ఆయనేమో దవాఖానలో ఉన్నవాళ్లనూ పరీక్షలు రాసేవాళ్లనూ చివరికి మంత్రులనూ పలకరిస్తే గానీ ఆమెన్ దాకా రాడు. అంతసేపూ లిదియా మూడు మెట్లు కలిపి నొక్కి, ఆ ఒకే కార్డు మీద వేళ్లానించి కూర్చుంటుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ పని ఆమెదే. చర్చి ఊడ్చే మల్లక్కకు పండక్కి చీర పెడతారు. కోడలికేం పెడతారు, ఇంటి మనిషే కదా!

పై గదిలో అద్దెకుండే మౌనిక ఇంజనీరింగు చదువుతోంది, ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంది. ఆ సాయంత్రం లిదియా డాబా మీద బట్టలారేస్తుంటే ఆ పిల్ల గదిలో ఏదో పాట మోగింది. ఒకటే స్వరం. కానీ కుదురుగా ఉంటేనా! సాగుతోంది, వంకర్లు పోతోంది, ఎటో వెళ్లి రెండింతలై తిరిగొస్తోంది. లిదియాకు ఒళ్లు ఝల్లుమంది. తడి దుప్పటి చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"ఏం పాట పిల్లా ఇది? అయిపోదా?"

"సైకెడెలిక్ రాక్ అక్కా. కార్డు మారదు, సౌండే మారుకుంట పోతది. మా బ్యాండుల ఆర్గన్, అదే నీ కీబోర్డు లెక్కటిది, వాయించేటోళ్లే దొరుకుతలేరు. ఒక్కదాని మీద అంతసేపు ఎవరుంటరు?"

లిదియా పకపకా నవ్వింది. గబగబా మెట్లు దిగి కీబోర్డు చంకన పెట్టుకొచ్చింది. ఆర్గన్ శబ్దం పెట్టి ఒక కార్డు నొక్కింది. దాన్ని మెల్లగా ఊపింది, పెంచింది, మసక చేసింది, మళ్లీ వెలిగించింది. మౌనిక గిటార్ దాని మీదెక్కి ఎటో ఎగిరిపోయింది. పక్కింటి మగ్గం టకటకలు కూడా తాళంలో కలిశాయి. కింద కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో ఇద్దరికీ తెలియదు.

"అక్కా, ఇంతసేపు ఎట్ల ఉన్నవ్ దీని మీద?"

"మా మామ ప్రార్థన నువ్వు వినలే గదా!"

ఆ ఆదివారం చర్చిలో ఆమె వేళ్లు ఊరుకోలేదు. ప్రార్థన మధ్యలో స్వరాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయింది. దాంతోపాటే మామ గొంతూ లేచింది. ఆడవాళ్లు ఏడ్చారు, యాకయ్య తాత మోకాళ్ల మీద పడ్డాడు. బయటికొచ్చాక అందరూ మామ చేతులు పట్టుకుని, "ఇయ్యాల దేవుడు దిగొచ్చిండు అయ్యగారూ" అన్నారు. "నాయిన ఇయ్యాల కుమ్మిండు" అన్నాడు సాల్మన్, భోజనాల దగ్గర. కూర వడ్డిస్తూ లిదియా తన వేళ్లు చూసుకుంది. కోపం వచ్చింది. కానీ ఆ కోపం మీదెక్కి సంతోషం గంతులేసింది. చేసింది నేనే, అంతా నేనే!

తర్వాతి శనివారం సాయంత్రం హనుమకొండలో మౌనిక వాళ్ల ప్రోగ్రాం. హాల్లో లిదియా కోసం ఆర్గన్ సిద్ధంగా ఉంది. అదే సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. చాపల నిండా జనం.

"ఇంతమందిని ఇడిసిపెట్టి యాడికి పోతానవ్?" సాల్మన్ గొంతు తగ్గించి అన్నాడు. "నాయిన ఇజ్జత్ ఏంగావాలె? ప్రార్థనల ఎవరు వాయించాలె?"

"ఒక్క వేలే గదా" అంది లిదియా.

అతని చెయ్యి పట్టుకుని కీబోర్డు ముందు కూర్చోబెట్టి, అతని వేలును ఒక మెట్టు మీద ఆనించింది. "ఆమెన్ దాక ఎత్తకు. చాయ్ ఫ్లాస్కుల ఉన్నది."

నలుగురూ చూస్తున్నారని అతను అట్లాగే కూర్చున్నాడు. లిదియా చెప్పులేసుకుని, గేటు బయట ఆటోలో ఎదురుచూస్తున్న మౌనిక పక్కన ఎక్కింది. లోపల మామ ప్రార్థన మొదలైంది. దాని కింద స్వరం వణికింది, తడబడింది, ఆగిపోయింది. ఆ వెంటనే మామ మాట కూడా ఆగిపోయింది. అది లేకపోయేసరికి, ఇన్నేళ్లకు ఆ ఇంట్లో అందరికీ లిదియా వాయించేది వినపడింది.

"లిదియా!" సాల్మన్ కేక.

"జర జల్ది పోనియ్యన్నా" అంది లిదియా ఆటో అతనితో. ఆమె వేళ్లు అప్పటికే మోకాలి మీద కార్డు పట్టేశాయి.