తలుపుకి తాడు కట్టిన కారు

పొగాకు లారీ ఒకటి పక్కనుంచి ఒరుసుకుపోవడంతో ఆదెయ్య పాత అంబాసిడర్ ఎడమ వైపంతా నుజ్జయింది. గుంటూరు మెకానిక్కు చూసి, "తుక్కు కింద అమ్ముకోండి ఆదెయ్యగారూ" అన్నాడు. ఆదెయ్య దాన్ని ట్రాక్టరుకి కట్టి ఈడ్పించుకొచ్చి, కొట్టంలో పెట్టి, అటువైపు వెళ్లడమే మానేశాడు.

వెళ్లింది ఆయన భార్య హనుమాయమ్మ. మిరపకాయల తూకం దగ్గర కాటావాళ్లనే గడగడలాడించే మనిషి.

"ఇంజను బాగుందా?"

"ఇంజనుకేం, గుర్రంలా ఉంది. రేకే పోయింది."

"రేకేగా! బిందె సొట్టపడితే పారేస్తామా?"

మర్నాడు ఇద్దరూ పనిలోకి దిగారు. బయట ఆయన గోతాం మడత అదిమి పట్టుకుంటే, లోపల కూచుని ఆమె రోకలితో సొట్టలు మోదింది. రేడియేటరు చిల్లిలో బట్టల సబ్బు పిసికి కూరింది. అద్దం పోయిన చోట చెక్క బిగించారు. సైలెన్సరు కన్నానికి డాల్డా డబ్బా రేకు చుట్టి తీగతో కట్టారు. ముందు ఎడమ తలుపు మాత్రం ఎంతకీ పడలేదు. హనుమాయమ్మ గేదె పలుపు తెచ్చి, లోపల్నుంచి దాన్ని సీటు కమ్మీకి గట్టిగా కట్టేసింది.

పొన్నూరులో ఆమె తమ్ముడు పేరయ్య గృహప్రవేశానికి ఆ కారులోనే వెళ్లారు. మేడ ముందు ఆగీ ఆగకముందే పేరయ్య పరుగున వచ్చాడు.

"అక్కా, పెద్దవాళ్లు వస్తున్నారు. బావని బండి వెనక సందులో పెట్టమను."

ఆదెయ్య చెయ్యి గేరు మీదికి పోయింది.

"ఉండయ్యా" అంది హనుమాయమ్మ. "ఒరేయ్, ఇది సందులో ఉంటే నేనూ సందులోనే కూచుంటా. నా విస్తరి అక్కడికే పంపించు."

పేరయ్య పక్కకి జరిగి మేడ ముందే చోటిచ్చాడు.

భోజనాలయ్యాక హనుమాయమ్మ బాబాయి చెంచురామయ్య కారు చుట్టూ తిరిగి రేకంతా తడిమి చూశాడు.

"ఎవరు చేశారు అల్లుడూ?"

"మీ అమ్మాయే మావయ్యా. అంతా తనే" అన్నాడు ఆదెయ్య, అరుగు మీదున్న వాళ్లందరికీ వినపడేలా.

హనుమాయమ్మ కొంగు సర్దుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన పనిని నలుగురిలో చెప్పడం అదే మొదలు.

"అయితే నన్ను బస్టాండులో దింపండి" అన్నాడు పెద్దాయన. ఎడమ తలుపు తెరుచుకోదు కాబట్టి డ్రైవరు వైపునుంచి పంచె ఎగ్గట్టి దూరుతుంటే పేరయ్యే వచ్చి చెయ్యందించాడు.

"అక్కా, మా స్కూటరు మడ్‌గార్డు కూడా సొట్టపోయిందే" అన్నాడు మెల్లిగా.

"తీసుకురా, చూద్దాం."

బజారులో జనం ఆగి మరీ చూస్తున్నారు. ఆదెయ్య వేగం పెంచబోయాడు.

"నెమ్మదిగా పోనీవయ్యా" అంది హనుమాయమ్మ. "చూడనీ."