సీట్లు జతగానే ఇస్తారు

ఆట ఉన్న రోజు సాయంత్రం, గేట్లు తెరవకముందే, కార్మెలా తన వరసలన్నీ ఒకసారి చుట్టి వచ్చేది. మంచు మీద హాకీ ఆడే మా ఊరి పాత ఎరీనాలో టిక్కెట్లు చూసి జనాన్ని కూర్చోబెట్టే పని ఆవిడది. చేతిలో గుడ్డ పట్టుకుని దుమ్ము దులుపుతున్నట్టే ఉండేది గానీ, నిజానికి ఏయే సీట్లు దిగాయో చూసుకునేది. ఎర్ర రంగు వేసిన చెక్క సీట్లవి. మనిషి లేస్తే స్ప్రింగు బలానికి పైకి మడుచుకునేవి. ఏడాది టిక్కెట్టు కొనుక్కుని ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల సీట్లు మాత్రం, వాళ్లు ఇంట్లో బూట్లు తొడుక్కుని బయల్దేరగానే వాటంతటవే దిగేవి. దారిలో మనసు మారి వెనక్కి తిరిగితే మళ్లీ లేచేవి. పళ్ల డాక్టరు ఇవాళ రాడు, సీటు లేచే ఉంది, అని కార్మెలా నిలబడి చూసే టిక్కెట్టు కొన్నవాళ్లని అక్కడ కూర్చోబెట్టేది. దీని గురించి మా ఊళ్లో ఎవరూ వింతపడలేదు. ఎరీనా మీద మా ఫిర్యాదులు వేరు. కప్పు కారేది. ఆడవాళ్ల మరుగుదొడ్డి దగ్గర వరస మెట్ల దాకా ఉండేది.

ఇర్యా సాల్మెలా సీటు పదకొండు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. బే స్ట్రీట్‌లో బూట్లు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. భర్త పోయిన ఏడాది, క్రిస్మస్‌కి లాండ్రీవాళ్లు తీసిన లాటరీలో ఆమెకి ఏడాది హాకీ టిక్కెట్టు తగిలింది. ఆట మీద పెద్ద ఇష్టమేమీ లేదు. ఇంట్లో కూర్చుంటే గడియారం చప్పుడు వినాలి, అక్కడైతే కనీసం జనం అరుస్తారు కదా అని వెళ్లింది. తర్వాత ప్రతి ఏడూ తనే కొనుక్కుంది.

పన్నెండో సీటులో ఒకాయన కూర్చునేవాడు. బూడిదరంగు టోపీ, ఒళ్లో ఫ్లాస్కు. రెండో విరామంలో ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఆమెకి ఇచ్చేవాడు. ఆమె తను కాల్చి తెచ్చిన యాలకుల రొట్టె రేకు కాగితం విప్పి సగం ఆయన వైపు జరిపేది. ఆ కుర్రాడివి చేతులు కావు, మంచు ఎత్తే పారలు, అనేవాడాయన మంచు మీద జారుతున్న ఆటగాణ్ణి చూసి. పోయినేడాది ఇంతకంటే ఘోరం, అనేది ఆమె. ఆ పూటకి వాళ్ల మాటలు అంతే. ఆ రెండు మాటలే వారమంతా ఆమె దుప్పట్లు మడతపెడుతూ తలుచుకునేది.

ఇన్నేళ్లలో ఒకరి పేరు ఒకరు అడగలేదు. ఫిన్లండు నుంచి వచ్చిన తాతల మనవలం మేము. ఎదుటివాళ్ల పేరడగడమంటే వాళ్ల తలుపు తోసుకుని ఇంట్లోకి జొరబడ్డట్టు మాకు. అడగాల్సింది మొదటి రోజే అడగాలి. ఆ రోజు దాటితే ఇక ఇప్పుడేం బావుంటుంది అనుకుంటూ జీవితాలు గడిపేస్తాం. ఆమె మనసులో ఆయన పన్నెండాయన. అంతే.

ఎరీనాని బాగుచేయాలా కూల్చాలా అని నగరసభలో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. పెద్ద పాటగాళ్లెవరూ మా ఊరు రావడం లేదట. వాళ్ల దీపాల బరువుకి మా కప్పు ఆగదట. అందరూ విన్నిపెగ్ నగరానికి పోతున్నారట. చివరికి గోడలు ఉంచి, కప్పు మార్చి, లోపలంతా ఊడబెరికి, పాటకీ ఆటకీ పనికొచ్చేలా కొత్తగా కట్టాలని తేలింది. మెత్తటి కుర్చీలు, కాఫీ కప్పు పెట్టుకోను చోటు, ఇంటంత తెర. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

పాత ఎరీనాలో చివరి ఆట మార్చిలో జరిగింది. ఇర్యా వచ్చేసరికి పన్నెండు దిగి ఉంది. ఆయన దారిలో ఉన్నాడన్నమాట. రొట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ రోజైనా పేరడగాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. జాతీయగీతానికి అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు పక్కన టప్పుమని చప్పుడైంది. పన్నెండో సీటు పైకి లేచిపోయింది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఎందుకో తెలియదు. ఒంట్లో బాగోలేదో, దారిలో పడ్డాడో, ఏదైనా కబురొచ్చిందో. ఆట అయ్యాక జనం ఏడ్చారు, ఒకరినొకరు కావలించుకున్నారు. ఇర్యా విప్పని రొట్టెతో దీపాలు ఆర్పేదాకా కూర్చుంది. ఆమెకి దుఃఖం వచ్చింది. ఎవరి కోసమని అడిగితే చెప్పడానికి పేరు కూడా లేని దుఃఖం.

ఏప్రిల్లో పాత సీట్లు అమ్మకానికి పెట్టారు. ఎవరి సీటు మీద వాళ్లకే మొదటి హక్కు. ఇర్యా తన పదకొండు కోసం వెళ్లింది. టిక్కెట్ల కిటికీ వెనక ఉన్న అమ్మాయి జతగానే ఇస్తామంది. రెండేసి సీట్ల మధ్య ఇనప కాలు ఒకటే, ఇద్దరికీ ఉమ్మడి.

"నాకు ఒక్కటి చాలమ్మా. ఒక్కదాన్నే," అంది ఇర్యా.

"ఒకటి ఊడదీస్తే రెండోది నిలబడదండీ. మీరూ పన్నెండువారూ మాట్లాడుకుని తీసుకోండి."

పన్నెండువారు ఎవరో చెప్పమ్మా అని ఇర్యా అడిగింది. అలా బయటివాళ్లకి చెప్పకూడదని ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది. బయటివాళ్లు అన్న మాట ఇర్యాకి గుచ్చుకుంది గానీ, నిజమే కదా అని ఊరుకుంది.

గేటు దగ్గర కార్మెలా పట్టుకుంది. కార్మెలా ఇటలీవాళ్ల పిల్ల, ఆవిడకి మా మొహమాటాలు పట్టవు. ఆయన రాకపోతే ఆ సీటు పాత ఇనుములోకి పోతుంది, రెండూ పట్టుకుపో, అని ఆమె చేతిలోంచి డబ్బు తీసి తనే కట్టేసింది. మేనల్లుడి ట్రక్కు పిలిపించి, సీట్లు మేడ మీదికి ఎక్కించి, కిటికీ ముందు పెట్టించి, వాటికి అడుగున పలక కూడా బిగింపించి గానీ వెళ్లలేదు. అది పాతకాలం కొట్లకి పెట్టిన కిటికీ, దాదాపు నేల దాకా ఉంటుంది. సీట్లు వీధి వైపు తిరిగి కూర్చున్నాయి.

ఆ వేసవిలో మా ఊళ్లో చాలా ఇళ్లకి ఎరీనా సీట్లు చేరాయి. మగాడు పని నుంచి ఇంటికి బయల్దేరగానే గరాజులో సీటు దిగేది, పెళ్లాం బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టేది. ఆలస్యమైంది, పనుండిపోయింది అనే మొగుళ్లకి కొంచెం కష్టమైంది. ఇద్దరు ముగ్గురు తమ సీట్లని చెరువు దగ్గర చేపలు పట్టే గుడిసెకి తరలించారు.

ఇర్యా లాండ్రీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి పదకొండు దిగి ఉండేది. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ దిగే ఉండేది, బయటికి వెళ్తే లేచేది. మొదటి రోజు గుమ్మంలోనే నిలబడిపోయింది. తను వస్తున్నట్టు ఆ ఇంట్లో ఒకరికి ముందే తెలిసి ఎన్నేళ్లైందో. తన సీటు దిగడం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. చూసే వీలు లేదు కదా, అది దిగేటప్పుడు తను దారిలోనే ఉంటుంది.

పన్నెండు లేచే ఉంది. వేసవంతా అలాగే ఉంది. ఆమె శనివారం పేపర్లో చావు కబుర్ల పేజీ తీసి, పేరు తెలియదు కనుక ఫోటోలు వెతికేది. బూడిదరంగు టోపీ లేకపోతే ఊపిరి తీసుకునేది. లాండ్రీకి వెళ్తూ ఎరీనా వైపు నుంచి నడిచేది. కప్పు తీసేశారు. గోడల మధ్య క్రేను ఒకటి తల వంచుకుని నిలబడి ఉండేది. తమ సీట్లుండే చోట కాంక్రీటు పగలగొడుతున్నారు.

మొదటి మంచు పడిన వారం, శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ చేసుకుంటుంటే పన్నెండో సీటు మెల్లగా కిందికి దిగింది. ఇర్యా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కాఫీకి నీళ్లు పెట్టింది. రెండు కప్పులు తీసింది. జుట్టు సర్దుకుంది. నీళ్లు మరిగేలోగా వెనక టప్పుమంది. సీటు లేచిపోయింది.

మరుసటి శనివారం అంతే. ఆ పై వారమూ అంతే. ప్రతిసారీ రెండో కప్పు చల్లారేది. ఆయన బయల్దేరుతున్నాడు అనుకోవడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. తన ఇల్లు ఆయనకెలా తెలుస్తుంది, పేరే తెలియనివాడికి. స్ప్రింగు అరిగిపోయి ఉంటుంది అనుకుంది. కింద కొట్టాయన్ని అడిగి నూనె తెచ్చి వేసింది. ఆ తర్వాత సీటు చప్పుడు లేకుండా దిగేది, చప్పుడు లేకుండా లేచేది. ఆమె రెండో కప్పు తీయడం మానేసింది. చూడటం కూడా మానాలనుకుంది గానీ, శనివారం వస్తే ఇస్త్రీబల్ల కిటికీ దగ్గరే వేసుకునేది.

మరో వేసవి గడిచి అక్టోబరు వచ్చాక ఎరీనా తెరిచారు. ఒక పాటగాడి కచేరీ మొదటి రోజు, హాకీ రెండో రోజు. హాకీకి ఇర్యా పాత చోటుకి దగ్గరగా టిక్కెట్టు కొనుక్కుంది. ఆయన ఉంటే ఇక్కడికే వస్తాడని ఆమె ఆశ. లోపల కప్పు కారలేదు, మరుగుదొడ్డి దగ్గర వరస లేదు, అంతా బావుంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. ఎవరొచ్చినా ఒకటే వాటికి. తోస్తే దిగేవి, వదిలేస్తే లేచేవి. పక్క కుర్చీలో ఒక కుర్రాడు ఆటంతా ఎదురుగా ఉండగా తెర మీదే చూస్తున్నాడు.

రెండో విరామంలో ఆమె రొట్టె విప్పలేదు. కార్మెలా వచ్చి పక్కన కూలబడింది. చేతిలో టిక్కెట్లు చదివే యంత్రం, ముఖంలో విసుగు. ఎవరొస్తారో ఎవరు రారో ఇప్పుడు తనకేమీ తెలియడం లేదని గొణిగింది.

"నీ ఫ్లాస్కాయన ఏడీ?"

"నాకేం తెలుసు."

"అదేంటి? సీట్లు ఊడదీసిన వారమే వచ్చాడుగా, నాది ఎటు పోయిందని. ఇర్యా పట్టుకెళ్లింది, బూట్ల కొట్టు పైన, ఎర్ర తలుపు అని చెప్పాను. ఈపాటికి కాఫీలు తాగేస్తుంటారనుకున్నా. రాలేదా?"

ఇర్యా తల అడ్డంగా ఊపింది.

"ఆ సీటు ప్రతి శనివారం దిగుతోంది. మళ్లీ లేస్తోంది."

"మరి నువ్వేం చేశావు తల్లీ?"

"నూనె వేశాను."



తర్వాతి శనివారం ఇర్యా కాఫీ పెట్టలేదు. ఇస్త్రీబల్ల వేయలేదు. కోటు, బూట్లు తొడుక్కుని మంచం అంచున కూర్చుంది. తనకి తెలియకుండా ఇన్నాళ్లూ ఆయన ఎంత దూరం వచ్చి తిరిగిపోయాడో ఆమెకి తెలియదు. ఈసారి కూడా పోనిస్తే ఇక జీవితాంతం ఆ సీటు దిగుతూ లేస్తూ ఉంటుందని, ఒక శనివారం దిగడం మానేస్తుందని, ఆ రోజు కూడా తను పేపర్లో ఫోటోలు వెతుక్కోవాలని మాత్రం తెలుసు. పన్నెండు దిగింది. ఆమె మెట్లు దిగింది.

గుమ్మంలో నిలబడింది. మంచు పడుతోంది, వీధిలో ఎవరూ లేరు. కాసేపటికి వీధి దిగువ నుంచి బూడిదరంగు టోపీ ఒకటి వచ్చింది. చంకలో ఫ్లాస్కు. ఎదుటి బస్టాపు దగ్గర ఆగి, తలెత్తి ఆమె కిటికీ వైపు చూశాడు. కాసేపు అలాగే చూసి, టోపీ సర్దుకుని, వచ్చిన దారినే తిరిగాడు.

ఇర్యా వీధిలోకి వచ్చింది. పిలవబోయింది. పిలవడానికి పేరు లేదు. ఆయన బేకరీ మలుపు దాకా వెళ్లిపోయాడు.

"పన్నెండుగారూ!"

ఆయన ఆగాడు. వెంటనే తిరగలేదు. తిరిగేసరికి ఆమె రొప్పుతూ దగ్గరికి వచ్చేసింది.

"లోపలికి రాకుండా పోతారేం?" అంది ఇర్యా.

ఆయన ఫ్లాస్కుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"కిటికీలో సీట్లు కనిపిస్తాయి కదా. ఇన్నాళ్లూ మీది దిగి ఉండేది. ఇంట్లో ఉన్నారు, బాగానే ఉన్నారు అనుకుని వెళ్లేవాణ్ణి. ఇవాళ లేచి ఉంది."

"చివరి ఆటకి ఎందుకు రాలేదు?"

"బయల్దేరాను." ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. "వస్తే ఆట అయ్యాక ఇక సెలవని చెప్పాలి. అది నాకు చేతకాదు."

మంచు ఇద్దరి భుజాల మీదా పడుతోంది. ఇన్నేళ్లలో వాళ్లు ఆట గురించి కాకుండా మాట్లాడిన మొదటి మాటలివి.  

"మీ పేరేంటి?" అంది.

"రెయినో," అన్నాడాయన. "రెయినో కంగాస్."

తను ఇర్యా అని చెప్పింది. రొట్టె ఉంది, కాఫీ ఫ్లాస్కులో ఎలాగూ ఉంది, పదండి, అంది. ఇద్దరూ ఇంటి వైపు నడిచారు. బస్టాపు దాకా వచ్చాక ఆయన అలవాటుగా తలెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. కిటికీలో రెండు సీట్లూ ఒకేసారి, తొందరేమీ లేనట్టు, కిందికి దిగుతున్నాయి. తన సీటు దిగడం ఇర్యా చూడటం అదే మొదటిసారి.