తాళ్ళు కింద పెట్టిన రోజు

సనావుల్లాను గ్యాసు సంచిలోంచి కాళ్ళు పట్టుకుని బయటికి లాగాం. మొహంలో బాధేమీ లేదు. హీలియానికి వాసన ఉండదు, దగ్గు రాదు, మనిషి నిద్రపోయినట్టే పోతాడు. నాకు ఏడుపు రాలేదు. మాలో ఎవరికీ రాలేదు.

అది రెండువేల పదిహేడు. అబుదాబి దగ్గరి ఫ్యాక్టరీల పేట ముసఫ్ఫా ఐకాడ్‌లో అల్యూమినియం పక్కటెముకలతో గాలి ఓడ కట్టే షెడ్డు మాది. ఆ ఎముకల మధ్య ఓడను పైకి తేల్చే గ్యాసు సంచులుంటాయి. చిల్లులు వెతకాలంటే గ్యాసు తీసేసి, మామూలు గాలి నింపి, ఒక మనిషి లోపలికి దూరాలి. బయటినుంచి లైటు వేస్తే చిల్లు ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. లోపల గ్యాసు మిగిలిందేమో చూసే మీటరు కావాలని ఎన్నోసార్లు అడిగాం. మా మేనేజరు, ముదీర్ అంటాం, రేపు రేపంటూ జరిపాడు.

గుండె ఆగి చచ్చాడని కంపెనీ రాసేసింది. మర్నాడు అతిథులకు ఓడ చూపించి, ఆ మరుసటి రోజు అదే సంచిలోకి యాసీన్ దూరాలంది. యాసీన్ సనావుల్లా బామ్మర్ది.

సాయంత్రం క్యాంపు వంటగదిలో కూర్చున్నాం.

"నేను పోను భయ్యా. మా అక్కకు ఏం చెప్పల్ల?" అన్నాడు యాసీన్.

"నువ్వెళ్ళకపోతే ఇంకొకణ్ణి పంపుతారు. వీసా ఖలాస్ అంటే నా గతేంటి? ఇంటి స్లాబు సగంలో ఉంది," అన్నాడు కాకినాడ సూరిబాబు.

"తాడు పాఠం మర్సిపోయినారా?" అన్నాడు మా మేస్త్రీ, కడప లాల్ అహ్మద్.

ఓడను షెడ్డులోంచి బయటికి నడిపించేది మేమే, రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని. వందేళ్ళ కిందటి గాలి ఓడల ఫొటోలు చూపించి ముదీరే నేర్పాడు. వదిలితే అందరూ ఒక్కసారే వదలాలి. ఆలస్యంగా వదిలినవాణ్ణి ఓడ పైకి ఎత్తుకుపోతుంది.

"రేపు తాడు పట్టుకున్నోడే ఎల్లుండి సంచిలోకి పోయేది. ఆలోచించుకో సూరిబాబూ."

సూరిబాబు లేచి తన పళ్ళెం కడుక్కున్నాడు.

పొద్దున అతిథులు కుర్చీల్లో జ్యూసులు తాగుతున్నారు. ముదీర్ "యల్లా" అన్నాడు. తాళ్ళు అందుకున్నాం. ఓడ ఇంకా స్టాండుకు కట్టేసే ఉంది. లాల్ అహ్మద్ "ఛోడో" అన్నాడు. తాళ్ళన్నీ ఒక్కసారే నేల మీద పడ్డాయి. సూరిబాబు చేతుల వైపు చూశాను. ఖాళీగా ఉన్నాయి.

"సనావుల్లా ఎట్ల సచ్చినాడో నిజం రాయండి. మీటరు తెప్పించండి," అన్నాడు లాల్ అహ్మద్.

పోలీసులొచ్చారు. ముందు వదిలిందెవడని ముదీర్ అడిగాడు.

"మీరే నేర్పారు కద సార్, ఒక్కసారే వదలమని," అన్నాడు సూరిబాబు.

అందరి వీసాలూ రద్దు చేశారు. ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయే బస్సు షెడ్డు ముందునుంచే పోయింది. అక్కడ కొత్త బ్యాచ్ నిలబడి ఉంది. లాల్ అహ్మద్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"సనావుల్లా గుండె ఆగి సావలేదు. గ్యాసుతో సచ్చినాడు. మీటరు లేకుండా సంచిలోకి పోవద్దండి."

కొత్తవాళ్ళు మావైపు తిరిగారు. ముదీర్ చప్పట్లు కొట్టి వాళ్ళను తనవైపు తిప్పుకున్నాడు. చేతిలో తాడు పట్టుకుని, పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. వదిలితే అందరూ ఒక్కసారే వదలాలి.