ఏడుపుకు పట్టా

ధర్మపురి చుట్టుపక్కల ఎవరు చచ్చినా మొదటి కబురు కనకవ్వకే. శోకం పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె మాట కట్టి ఏడిస్తే చచ్చినవాడి పగవాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవారు. అన్నింట్లోకి మంచి మాటను మాత్రం మొగుడు అంతయ్య కోసం దాచుకుంది: "పొద్దుండంగనే నీడ పాయె, ఓ నా రాజా!" నాట్లు వేస్తూ దాన్నే సన్నగా అనుకునేది. అంతయ్య గుండ్రాయిలా ఉన్నాడు, అది వేరే సంగతి.

పక్క మడిలో నాటు వేస్తున్న కొమురవ్వ ఆ మాట విన్నది. విని ఊరుకుందా? తన అత్త పోయిన రోజు (బతికినన్నాళ్లూ గంజి దగ్గర కూడా కొట్లాడిన అత్తే) శవం మీద పడి, "పొద్దుండంగనే నీడ పాయె, ఓ నా అత్తా!" అని అందుకుంది. వాడకట్టంతా వెక్కివెక్కి ఏడ్చింది. కనకవ్వ ఒక్కతే దిగ్గున లేచింది.

"దొంగదానా! గది నా మొగని మాట!"

"నేనంటే నీ మాట అరిగిపాయెనా అక్కా? నీ నోట్లె నీకున్నది గద!" అంది కొమురవ్వ.

"ఊరంత ఏడ్సినంక నా మొగనికి మిగిలేది ఎంగిలే గద!"

పాడె దగ్గరే పంచాయతీ మొదలైంది. కొత్త సర్పంచి హనుమండ్లు జగిత్యాల కచేరి మెట్లెక్కి వచ్చిన మనిషి. మీసం దువ్వి తీర్పు చెప్పాడు. "ఎవలు కట్టిన మాట వాళ్లదే. ఇంకొకలు ఏడ్వాల్నంటే అడిగి ఏడ్వాలె."

"నేనింక సావనే లేదు గదరా," అన్నాడు అంతయ్య, చుట్ట కాలుస్తూ. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తీర్పుతో ఊళ్లో చావులు చప్పబడ్డాయి. ఏ మాట ఎవరిదోనన్న భయంతో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేవాళ్లు. గెలిచానని కనకవ్వ మురిసిపోయింది.

ఆ వానాకాలం అంతయ్య నిజంగానే పోయాడు. కనకవ్వ శవం పక్కన కూలబడింది. ఇన్నేళ్లు దాచిన మాట గొంతు దాటలేదు. ఆడవాళ్లంతా ఆమె నోటికేసి చూస్తున్నారు, ఒక్కరూ కిక్కురుమనలేదు. మొగుడు ఏడ్చే దిక్కులేనివాడిలా పాడెక్కుతాడేమోనని ఆమె భయపడింది. కనకవ్వే కొమురవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఏందే సూస్తున్నవు? అను."

"నీ మాట గద అక్కా?"

"నాదే. ఇస్తున్న. ఏడ్వు."

కొమురవ్వ గుండెలు బాదుకుని, అలవాటు కొద్దీ, "పొద్దుండంగనే నీడ పాయె, ఓ నా అత్తా!" అంది. పాడె కడుతున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

"అత్త గాదే పిచ్చిదానా! రాజా అనాలె!"

"నీ మొగణ్ని నేను రాజా అంటనా అక్కా? ఊరేమంటది? గా ఒక్కటి నువ్వే అనాలె."

ఆడవాళ్లంతా మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. "పొద్దుండంగనే నీడ పాయె..." అని అక్కడ ఆగి, ఆమె కోసం చూశారు.

కనకవ్వ అంతయ్య మొహం చూసింది. "ఓ నా రాజా!" అని గొల్లుమంది.