నేలకు ఆనని మడమ

షికాగోలో ఆ ఉదయం హోటల్ మెట్ల మీంచి కొడుకు లెవాన్ దిగుతుంటే రేనెల్ కింద నిలబడి వింది. చూడలేదు, వింది. కుడి పాదం ధబ్‌మంటోంది. ఎడమ పాదం మాత్రం పాల గిన్నె దగ్గరికి వచ్చే పిల్లిలా మెత్తగా పడుతోంది. తాడిచెట్టంత మనిషి, మీసాలు రాకముందే ప్రతి గుమ్మానికీ తల వంచడం నేర్చుకున్నవాడు. వాడి రెండు అడుగులూ ఒకేలా మోగాలి కదా. కన్నతల్లి చెవికి ఆ మాత్రం తేడా తెలియదా?

"నొప్పి తగ్గలేదన్నమాట," అంది.

"అమ్మా, ఇవాళ మొదలెట్టకు. మాటిచ్చావు."

ఇచ్చింది. అర్కాన్సా నుంచి కారు నడుపుతూ, దారి పొడుగునా వాడు బతిమాలుతుంటే విసుగెత్తి, ఎవరికీ చెప్పనని ఒప్పుకుంది. ఇప్పుడు ఆ మాటే అడ్డం పడింది.

సంగతేమంటే, లెవాన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో బుట్ట కింద ఆడే పెద్దాడు. బంతి బుట్టను తాకి తిరిగొస్తే వాడి చేతుల్లోకే రావాలి. వాడు అడ్డం నిలబడితే గోడ కట్టినట్టే. ఈ ఏడాది పేరు మారుమోగింది. బ్రెంట్ అనే ఏజెంటు వచ్చి వాలాడు. ప్రొఫెషనల్ జట్లకు కుర్రాళ్లను ఏరిపెట్టే స్కౌట్లను పిలిచి, వాడి ఆట చూపిస్తానని షికాగోలో ఒక ఆటల హాలు అద్దెకు తీసుకున్నాడు. జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో లెవాన్ పేరు ఇప్పటికే ఉంది. ఈ సాయంత్రంలోగా వెనక్కి తీసుకుంటే ఇంకో ఏడాది కాలేజీలో ఆడి మళ్లీ రావచ్చు. ఉంచితే కాలేజీ తలుపు మూసుకున్నట్టే. ఆ తర్వాత ఏ జట్టూ తీసుకోకపోతే అటూ కాదు, ఇటూ కాదు.

పాదం మధ్యలో ఎముక చలికాలం నుంచీ సలుపుతోంది. పొడుగువాళ్లకు అదొక శాపం. అంత ఒళ్లూ ఆ చిన్న ఎముక మీదే కదా పడేది! రేనెల్ వాళ్ల అన్నయ్య కార్డెల్‌కూ అంతే అయింది. పట్టీల మీద పట్టీలు చుట్టుకుని ఆడాడు, గొప్ప మొనగాడన్నారు. జుట్టు నెరవకముందే చేతికర్ర పట్టాడు. ఆ మాటంటే లెవాన్‌కు కోపం. "నేను మామయ్యను కాదు," అంటాడు.

హాల్లో చెక్క నేల అద్దంలా తళతళలాడుతోంది. తల్లిదండ్రులకు గోడ పక్కన బల్ల వేశారు. ఎదురుగా కుర్చీల్లో స్కౌట్లు కాళ్లు చాపుకుని, కాఫీలు తాగుతూ, సంతలో గిత్తను చూసినట్టు లెవాన్‌ను చూస్తున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, వాళ్ల కళ్లు లోపం కోసమే వెతుకుతాయి.

ముందు ఎత్తు కొలుస్తారు. అదీ చెప్పుల్లేకుండా. కాలేజీలవాళ్లు బూట్లతో కొలిచి, దానికి ఇంకాస్త కలిపి, ఏడడుగులని పుస్తకంలో వేసుకుంటారు. ఆ అబద్ధం అందరికీ తెలిసిందే, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ మాత్రం వట్టి కాళ్లతో గోడకు ఆనాలి, మడమలు గోడకు తగలాలి, నేలకు అంటాలి.

కొలిచేది ప్రూయిట్ అనే ముసలి స్కౌటు.

"రావయ్యా ఏడడుగులోడా," అన్నాడు. "నిజం తేల్చుకుందాం."

స్కౌట్లు నవ్వారు. లెవాన్ వీపు గోడకు ఆనించాడు. కుడి మడమ నేలకు అంటింది. ఎడమది అంటలేదు. ఒక కాగితం దూరేంత సందు.

"దించు బాబూ, దించు," అన్నాడు ప్రూయిట్. "పుట్టిన ప్రతి పొడుగోడూ ఇక్కడ మడమెత్తి అరంగుళం దొంగిలించాలనే చూస్తాడు. నీకంటే ముదుర్లను చూశాను."

"మావాడికి దొంగతనం చేతకాదండోయ్," అని బ్రెంట్ నవ్వాడు. "లెవాన్, దించెయ్."

లెవాన్ దించాడు. రేనెల్‌కు వాడి మొహం కనబడుతోంది. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి, మెడ మీద నరం మాత్రం తాడులా లేచింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆ హాల్లో ఇంతమంది పెద్దమనుషులున్నారు, అందరూ అది కక్కుర్తి అనుకున్నారు గానీ నొప్పి అని ఒక్కరికీ తట్టలేదు.

"ఆరడుగుల పది అంగుళాలు!" అన్నాడు ప్రూయిట్. "మీ కాలేజీ వాళ్ల దగ్గర సాగే టేపు ఉందోయ్."

మళ్లీ నవ్వులు. "సరే, బూట్లు తొడుక్కుని ఎగురు. పరుగెత్తుకొచ్చి, ఒంటికాలి మీద."

ఒంటికాలంటే వాడికి ఎడమ కాలే. లెవాన్ తలొంచి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. కట్టిన ముడి విప్పాడు. మళ్లీ కట్టాడు. రేనెల్ అడకత్తెరలో పోకచెక్క అయింది. నోరు విప్పితే ఇంతమంది ముందు వాడి బతుకు తానే బజార్న పడేసినట్టు. విప్పకపోతే ఆ ఎముక ఈ పూటే పుటుక్కుమనవచ్చు.

లేచింది. కోర్టు మీద కాలు పెట్టింది.

"ఏవమ్మా! బూట్లు! బూట్లు!" నాలుగు గొంతులు ఒక్కసారి అరిచాయి. బయట తిరిగిన చెప్పులతో ఆ చెక్క మీదికి ఎవరూ రాకూడదు. రేనెల్ అక్కడే బూట్లు విప్పేసి, మేజోళ్లతో జారుతూ జారుతూ కొడుకు దగ్గరికి నడిచింది.

"అమ్మా, పరువు తీయకు," అన్నాడు వాడు పళ్ల మధ్య నుంచి. "పో."

"నేనేం చెప్పనురా. మాటిచ్చాను. చెప్పేదుంటే నువ్వే చెప్పు. నువ్వు ఎగిరితే మాత్రం నేనిక్కడే నిలబడి చూస్తాను. బల్ల మీద కూర్చుని చూడలేను."

"అమ్మగారూ, పక్కకు రండి," బ్రెంట్ దగ్గరికొచ్చాడు. "ఇదేమన్నా చర్చి భోజనాలా, అందరూ అటూ ఇటూ తిరగడానికి?"

"నువ్వు నోర్ముయ్ నాయనా. వాడు ఆలోచించుకుంటున్నాడు."

లెవాన్ లేచి నిలబడ్డాడు. బుట్ట వైపు చూశాడు. పరుగుకు నాలుగడుగులు వెనక్కి వేశాడు. వాడు ముందుకు వంగాడు, మొదటి అడుగు వేశాడు, రెండోది వేశాడు, ఎడమ పాదం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. హాలంతా వాడి బూటు కీచుమన్న చప్పుడే.

"సార్," అన్నాడు ప్రూయిట్‌తో. "ఇందాక నేను ఎత్తు దొంగిలించలేదు. ఆ మడమ దిగదు. నొప్పి."

ప్రూయిట్ నవ్వు ఆగింది. మోకాళ్లు పటపటమంటుంటే నేల మీద కూర్చుని, లెవాన్ బూటు విప్పించి, పాదం మధ్యలో బొటనవేలితో నొక్కాడు. అంత మనిషీ పసివాడిలా అదిరిపడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి."

"పట్టీ కట్టుకుని ఆడేశావా?"

"అందరూ ఆడతారు కదా సార్."

"ఆడతారు. కోచ్‌గా ఉన్నప్పుడు నేనూ ఆడించాను." ముసలాయన లేచాడు. "ఈ కాలితో ఎగిరి ఉంటే ఇవాళ నీ ఆట ఇక్కడే అయిపోయేదేమో. కాలేజీకి పో, ఎముక ఫోటో తీయించుకో. మానుతుందో లేదో నేను చెప్పలేను. మానినవాళ్లనూ చూశాను, మానని వాళ్లనూ చూశాను."

స్కౌట్లు కాఫీలు పట్టుకుని ఒక్కొక్కరే లేచారు. ఎవరూ లెవాన్ వైపు చూడలేదు. బ్రెంట్ ఫోన్ చెవికి పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఇక రాలేదు.

కారులో సీటు వెనక్కి తోసినా లెవాన్ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. డ్రాఫ్టు నుంచి పేరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఫోన్‌లో రాసి, పంపకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. రేనెల్ కారు తీయలేదు. చివరికి వాడి బొటనవేలు కదిలింది. పంపేశాడు.

తర్వాత కాలేజీ కోచ్‌కు ఫోన్ చేశాడు. "కోచ్, వచ్చేస్తున్నాను. కానీ పాదం బాగోలేదు. ఈ ఏడాది మొదట్లో ఆడలేకపోవచ్చు."

అవతలి నుంచి, "ముందు రా, చూద్దాం," అని వినబడింది. ఆ గొంతులో సంతోషం ఉందో విసుగు ఉందో ఇద్దరికీ తెలియలేదు.

"నీ మీద కోపం పోలేదు," అన్నాడు లెవాన్ కిటికీ వైపు తిరిగి.

"ఉండనీరా. దాన్ని అట్టే పెట్టుకో. కాలు మాత్రం పైకి పెట్టు."

వాడు ఆ పడవలాంటి పాదం ఎత్తి ముందు అద్దానికి ఆనించాడు. సగం రోడ్డు మూసుకుపోయింది. రేనెల్ మెడ చాచి, మిగిలిన సగం చూసుకుంటూ కారు కదిలించింది.