కణాల కోపం

"లూపస్ జబ్బు ఉన్నదానికి పిల్లలెందుకు?" అన్న అత్తగారే, కడుపు పండి ఆరో నెల వచ్చాక, "ఆ గిన్నెలు కూడా తోమేయమ్మా, ఒళ్లు కదిలితే కాన్పు తేలికవుతుంది" అంది. "నీ చెయ్యి పడితేనే శుభ్రం అంటుంది అమ్మ" అని మొగుడు వంత పాడాడు. మెచ్చుకోలే మరి! కణుపులు వాచిన వేళ్లతోనే తోమింది కోడలు. మనసు మాత్రం ల్యాబ్‌లో ఉంది. మూడోసారి చేసిన పరీక్ష ఫలితం ఆ రోజే రావాలి.

లూపస్ ఉన్న గర్భిణుల రక్తం నుంచి రోగనిరోధక కణాలను వేరుచేసి, తిండిలోని కొవ్వు ఆమ్లాలు తగిలితే అవి ఏం చేస్తాయో చూడటం ఆమె పని. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలవి. ఈ జబ్బులో కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు సొంత ఒంటిమీదే పడతాయి. ఆ కాట్లు ఎలా ఉంటాయో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ల్యాబ్‌కి వెళ్లి చూస్తే ఏముంది! చేపనూనె కొవ్వు తగిలిన కణాలు ఈసారీ నెమ్మదించాయి. తగలనివి ఎప్పటిలాగే రెచ్చిపోయి ఉన్నాయి. "ఓసి మీ దుంపతెగ! దారికొచ్చారా!" అని పైకే అనేసింది. ల్యాబ్ పళ్లెంలో కణాలు వేరు, గర్భిణి ఒళ్లు వేరు, ఇంకా చూడాల్సింది బోలెడుంది. అవన్నీ తెలుసు. అయినా పట్టరాని సంతోషం! ఎగిరి గంతేయాలనిపించింది. ఆ పని లోపలున్న బిడ్డ చేసింది.

ఫలితం చూపిస్తే "భేష్!" అన్నాడు ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్. "రేపు మీటింగ్‌లో దీని గురించి నీ బదులు నేను చెప్తాలేమ్మా. ఈ స్థితిలో నువ్వు అంతసేపు నిలబడలేవు."

మొగుడికి ఫోన్ చేసి, ప్రొఫెసర్ అన్నమాట చెప్పింది.

"నీ మంచికే కదా అన్నాడు! సర్లే, త్వరగా వచ్చెయ్. పిన్నివాళ్లు వస్తున్నారు, పదిమందికి వంట."

ఆమెకి నవ్వొచ్చింది. పొయ్యి దగ్గర పూటంతా నిలబడితే నొప్పెట్టని కాళ్లు, నలుగురి ముందు నోరు విప్పేసరికి నొప్పెడతాయా? ఎంత తెలివైన జబ్బమ్మా ఇది! కోపం, ఆనందం కలగలిసి ఒళ్లు ఝల్లుమంది.

"వంట మీరే చూసుకోండి. నాకు రేపు మీటింగ్ ఉంది" అని ఫోన్ పెట్టేసి, ప్రొఫెసర్ గది తలుపు తట్టింది.

"మీరన్నది నిజమే సార్, అంతసేపు నిలబడలేను. రేపు అక్కడ నాకో కుర్చీ వేయించండి."